ఐర్లాండ్‌లో కారు రెంట్ చేస్తున్నారా? క్రెడిట్ కార్డు ఇన్సూరెన్స్ సంగతి ఇంట్లోనే తేల్చుకుని వెళ్ళండి

అమెరికాలో ఉండే మనవాళ్ళం ట్రిప్ అనగానే ఫ్లైట్లు, హోటళ్ళు, దగ్గర్లో ఇడ్లీ దొరికే చోటు, అన్నీ నెల ముందే వెతికి పెట్టుకుంటాం, కారు ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మన కార్డులో ఉంటుందిలే" అనేసి వదిలేస్తాం. మేమూ అంతే చేశాం. పొద్దున్నే డబ్లిన్‌లో దిగాం, రాత్రంతా నిద్ర లేదు, పాప మా ఆవిడ భుజం మీద పడి నిద్రపోతోంది, కౌంటర్‌లో అమ్మాయేమో "మా కవరేజ్ వద్దంటే మీ కార్డు వాళ్ళిచ్చిన లెటర్ చూపించండి, అందులో ఐర్లాండ్ అని పేరు ఉండాలి" అంది. ఫోన్‌లో బెనిఫిట్స్ పీడీఎఫ్ తీసి చూపించా, అది కుదరదంది. కార్డు వాళ్ళకి ఫోన్ చేస్తే లెటర్ రావడానికి టైమ్ పడుతుందన్నారు. ఇంక చేసేదేం లేక వాళ్ళ ఇన్సూరెన్సే తీసుకున్నా, కారు అద్దె కంటే అదే ఎక్కువైంది.

ముందు కార్డు ఏమిస్తుందో చూద్దాం. మీరు రెంట్ చేసిన కారుకి దెబ్బ తగిలినా, ఎవడైనా ఎత్తుకుపోయినా ఆ డబ్బు కడుతుంది, అంతే. రెంటల్ వాళ్ళు కౌంటర్‌లో సీడీడబ్ల్యూ (కొలిజన్ డ్యామేజ్ వేవర్), ఎల్‌డీడబ్ల్యూ (లాస్ డ్యామేజ్ వేవర్) అని అమ్మేదానికి బదులన్నమాట. మీరు గుద్దిన అవతలి కారుకి, అందులో మనుషులకి పైసా ఇవ్వదు. ఆ థర్డ్ పార్టీ కవరేజ్ యూరప్‌లో చట్టప్రకారం తప్పనిసరి కాబట్టి అద్దెలోనే కలిపి ఉంటుంది, కానీ మెక్సికో, కోస్టారికా వెళ్తుంటే జాగ్రత్త, ఆన్‌లైన్‌లో చాలా చవగ్గా కనపడిన రేటుకి అక్కడ ఇది విడిగా కలుస్తుంది.

ప్రైమరీ, సెకండరీ అని ఇంకో గొడవ ఉంది. ప్రైమరీ కార్డు మీ సొంత కారు ఇన్సూరెన్స్ జోలికి పోకుండా నేరుగా తనే కడుతుంది, అమెరికాలో అయితే సెకండరీ కార్డు మీ సొంత కారు ఇన్సూరెన్స్ కట్టాక మిగిలిందే ఇస్తుంది. మన ఇళ్ళ దగ్గర కారు పాలసీలు మామూలుగా అమెరికా, కెనడా దాటితే పనిచెయ్యవు కాబట్టి విదేశంలో చాలా సెకండరీ కార్డులు కూడా ప్రైమరీ లాగే పనిచేస్తాయి. చేజ్ బ్యాంక్ సఫైర్ ప్రిఫర్డ్, సఫైర్ రిజర్వ్ కార్డులు రెండూ ఎక్కడైనా ప్రైమరీనే.

అసలు చూడాల్సింది దేశం పేరు. అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) కార్డుల కవరేజ్ ఇటలీ, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో ఉండదు. చాలా వీసా కార్డుల గైడ్‌లో ఐర్లాండ్, నార్తర్న్ ఐర్లాండ్, ఇజ్రాయెల్, జమైకా మినహాయింపు అని రాసి ఉంటుంది. సఫైర్ కూడా వీసానే కదా అనకండి, దాని గైడ్ వేరే. అందుకే నెట్‌లో ఎవరో చెప్పింది కాకుండా మీ కార్డు అకౌంట్‌లోకి లాగిన్ అయ్యి ఆ కార్డు గైడ్ దించుకుని చదవండి, పోయినేడాది చదివింది సరిపోదు, మారుస్తూ ఉంటారు.

మీ కార్డు ఐర్లాండ్‌లో వర్తిస్తుందని తేలాక కార్డు వెనకున్న నంబర్‌కి ఫోన్ చేసి బెనిఫిట్స్ వాళ్ళకి కలపమనండి, మీ పేరు, కార్డు చివరి 4 అంకెలు, ట్రిప్ తేదీలు, "రిపబ్లిక్ ఆఫ్ ఐర్లాండ్" అని స్పష్టంగా ఉండేలా లెటర్ అడగండి. రెండు వారాల ముందు చెయ్యండి, ప్రింట్ తీసుకుని పాస్‌పోర్ట్‌తో పాటు పెట్టుకోండి. రెండోసారి మేం అలాగే వెళ్ళాం, అదే ఎయిర్‌పోర్టు, ఐదు నిమిషాల్లో తాళాలు చేతికొచ్చాయి. కాకపోతే వాళ్ళ కవరేజ్ వద్దంటే కార్డు మీద వేల యూరోలు హోల్డ్ పెడతారు, లిమిట్ ఖాళీగా ఉంచుకోండి.

బుకింగ్‌లో మనవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే: నలుగురు ఫ్రెండ్స్ కలిసి వెళ్తారు, మంచి కార్డు ఒకడి దగ్గర ఉంటుంది, రిజర్వేషన్ ఇంకొకడి పేరు మీద ఉంటుంది. అలా అయితే కవరేజ్ లేనట్టే. కార్డు ఎవరిదో అగ్రిమెంట్‌లో మొదటి పేరు వాళ్ళదే ఉండాలి, మొత్తం అద్దె ఆ కార్డు మీదే పడాలి, మిగతా డ్రైవర్ల పేర్లు అగ్రిమెంట్‌లో రాయించాలి. బుక్ చేసేటప్పుడే సీడీడబ్ల్యూ లేని రేటు ఎంచుకోండి, సీడీడబ్ల్యూ తీసుకుంటే కార్డు కవరేజ్ పోతుంది. ఇటలీలో మాత్రం అది రేటులోనే కలిపి వస్తుంది, తీసెయ్యడం కుదరదు, అప్పుడు దెబ్బ తగిలితే సీడీడబ్ల్యూ పోగా మీరు కట్టాల్సిన భాగానికి మీ కార్డు వర్తిస్తుందో లేదో ముందే అడగండి. రోజుల లెక్క కూడా చూసుకోండి, విదేశంలో మామూలుగా వరసగా 31 రోజుల వరకే.

ఇక ఐర్లాండ్ రోడ్లు. మనం కుడివైపు నడిపి అలవాటుపడ్డవాళ్ళం, అక్కడ ఎడమవైపు నడపాలి, పల్లె రోడ్లలో ఎడమపక్కన రాతిగోడ అద్దానికి జానెడు దూరంలో ఉంటుంది. దెబ్బలన్నీ ఆ పక్కే, ముందు ఎడమ చక్రం రిమ్ము, ఎడమ అద్దం. కారు తీసుకోగానే ఇంజిన్ వెయ్యకముందే నాలుగు చక్రాల రిమ్ములు, అద్దాలు, బంపర్ కింద భాగం వీడియో తియ్యండి, తిరిగి ఇచ్చేటప్పుడూ తియ్యండి. పెట్రోల్ బంకులో ఆకుపచ్చ గొట్టం పెట్రోల్, నలుపు డీజిల్, అమెరికాలో చాలా బంకుల్లో ఆకుపచ్చ డీజిల్ కాబట్టి చెయ్యి అలవాటుగా తప్పు గొట్టం మీదకి పోతుంది, తప్పు ఇంధనం పోస్తే ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు.

మాకు రెండోసారి ఆ ఎడమ రిమ్మే గీసుకుంది. దెబ్బ తగిలితే తిరిగి ఇచ్చే రోజే కార్డు వాళ్ళకి క్లెయిమ్ తెరవండి, కొన్ని కార్డులకి 30 రోజులే గడువు. రెంటల్ అగ్రిమెంట్, ఫైనల్ బిల్లు, రిపేర్ ఎస్టిమేట్, డ్యామేజ్ రిపోర్టు, ఫొటోలు, ఆ అద్దె కార్డు మీద పడినట్టు స్టేట్‌మెంట్ అడుగుతారు. కారు రిపేర్‌లో ఉన్న రోజులకి అద్దె కూడా మీ మీద వేస్తే, ఆ రోజుల్లో వాళ్ళ కార్లు నిజంగా ఎన్ని బయట తిరుగుతున్నాయో చూపించే లాగ్ ఇమ్మని రెంటల్ వాళ్ళని అడగాలి, అది లేకుండా కార్డు వాళ్ళు ఆ భాగం కట్టరు. కౌంటర్ వదిలే ముందే ఈ కాగితాలు ఎవరు పంపిస్తారో వాళ్ళ ఈమెయిల్ రాయించుకోండి, ఇంటికొచ్చాక ఫోన్ ఎత్తే మనిషిని పట్టుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.