కవలలకు ఒకే బీపీ పుస్తకం: రాసుకునే పద్ధతి

నా తర్వాత పదకొండు నిమిషాలకు పుట్టిన తమ్ముడికి 48వ ఏట గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. ఆ రాత్రి డాక్టరు గారు బయటికి వచ్చి, అచ్చం వాడిలాగే ఉన్న నన్ను చూసి, "మీరు ఎప్పుడు పరీక్ష చేయించుకున్నారు?" అని అడిగారు. ఎప్పుడూ చేయించుకోలేదు. ఆ వారం నుంచి ఇద్దరం ఒకే నోటుపుస్తకంలో రాసుకుంటున్నాం. కవలలందరూ ఇలా రాసుకోవాలని నా కోరిక.

ముందు మీరు ఏ రకం కవలలో తేల్చుకోండి. ఒకే అండం నుంచి పుట్టినవారికి జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. రెండు అండాల నుంచి పుట్టినవారికి, మామూలు తోబుట్టువుల్లాగే, సగటున సగం కలుస్తాయి. కడుపులో బిడ్డను పోషించే మాయలు రెండున్నాయి కాబట్టి మేం వేరు వేరు అండాల వాళ్లమని అమ్మ చివరిదాకా నమ్మింది. కానీ ఒకే అండం కవలలకూ రెండు మాయలు ఉండవచ్చు. మేం ఒకే అండం వాళ్లమని డీఎన్ఏ పరీక్షతోనే తేలింది.

దీని కోసం ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. స్వీడన్‌లో 21,004 మంది కవలలను 26 ఏళ్లు గమనించి 1994లో ఫలితాలు ప్రకటించారు. మగ కవలల్లో ఒకరు 55 ఏళ్లలోపు గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోతే, రెండోవారికి అదే జబ్బుతో మరణించే ముప్పు ఒకే అండం వారిలో ఎనిమిది రెట్లు, రెండు అండాల వారిలో దాదాపు నాలుగు రెట్లు కనిపించింది. వయసు పైబడేకొద్దీ ఈ ప్రభావం తగ్గింది. అందుకే మీ తోడు కవలకు చిన్న వయసులో జబ్బు వస్తే, మీకు ఏ బాధా లేకపోయినా ఆ వారమే డాక్టరును కలవండి.

ఇక బీపీ. అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోండి, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు కొలవాలి. ఉదయం, సాయంత్రం, ఏడు రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతా వాటికి సగటు కట్టండి. ఆ సగటు 135/85కు చేరితే డాక్టరుకు చూపించాలి.

మొదటి వారం మా ఇద్దరి పై అంకెకు తేడా 18 వచ్చింది. నేను హడలిపోయాను. తీరా చూస్తే, పట్టీ బిగుసుకుంటున్నంతసేపూ తమ్ముడు నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. పైగా వాడి చెయ్యి లావు, నా పట్టీ వాడికి చిన్నది. ఈ రెండూ అంకెను పెంచేవే. పెద్ద పట్టీ తెచ్చి, మాటలు ఆపించాక తేడా 11కు దిగింది. నిజమైన తేడా అదే. వాడు మాత్రలు వేసుకుంటున్నా అంత ఉంది! మాత్రల పేరూ మోతాదూ కూడా తప్పక రాయండి, లేకపోతే ఆ అంకెలకు అర్థం ఉండదు.

ఒకే అండం కవలల మధ్య తేడా నిలకడగా ఉంటే, దానికి కారణాన్ని ముందుగా జీవితంలో వెతకండి. బరువు, నిద్ర, నడక, ఉప్పు, పొగ ఇద్దరివీ పక్కపక్కన రాయండి. తమ్ముడు నాకన్నా 14 కిలోలు ఎక్కువ, పదేళ్లుగా రాత్రి డ్యూటీ, ఇరవయ్యో ఏట నుంచి సిగరెట్లు.

తేడా లేనిచోట ఇంకా జాగ్రత్తగా చూడాలి. స్టెంట్ నాటి వాడి చెడు కొలెస్ట్రాల్ 174. పొగ ముట్టని, రోజూ నడిచే నాది 168. నడుస్తున్నాను కదా అని నేను ఇన్నాళ్లూ పెట్టుకున్న ధైర్యం ఆ కాగితంతో పోయింది. డాక్టరు గారు నాకూ కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టారు. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం, లైపోప్రోటీన్ (ఎ), దాని పరీక్ష కూడా అడగండి. అది చాలావరకు పుట్టుకతో వచ్చేదే, తిండి మార్చినా పెద్దగా కదలదు, ఎక్కువమందికి జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు.

అలాగని తిండిని వదిలేయకండి. స్టాన్‌ఫర్డ్‌లో 22 జతల ఒకే అండం కవలలకు ఎనిమిది వారాలు చెరో రకం ఆహారం ఇచ్చారు. 2023లో వచ్చిన ఆ ఫలితాల్లో, పాలు, గుడ్లు కూడా లేని పూర్తి శాకాహారం తిన్నవారి చెడు కొలెస్ట్రాల్ సుమారు 111 నుంచి 96కు తగ్గింది. మాంసాహారం కలిపి తిన్నవారిది పెద్దగా మారలేదు.

డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్లండి, పుస్తకం తీసుకుని. మా పుస్తకంలో పోయిన నెల సగటు: తమ్ముడు 131/83, నేను 126/80. దాని పక్కనే వాడి చేతిరాతలో, "సిగరెట్ మానేసి 212 రోజులు".