‘ఐ ఫీల్ లవ్’ తరహా డిస్కో ట్రాక్, దాని సింథ్ రీమిక్స్ మనమే చేసుకోవడం ఎలా

ముందు అమెరికన్ గాయని డోనా సమ్మర్ పాడిన ‘ఐ ఫీల్ లవ్’ (1977) ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, ఎందుకంటే అసలు కిటుకంతా ఎడమ చెవికీ కుడి చెవికీ మధ్యే ఉంది. జర్మనీలోని మ్యూనిక్‌లో ప్రొడ్యూసర్లు జార్జియో మొరోడర్, పీట్ బెలాట్ ఈ పాట చేసినప్పుడు డిస్కో అంటే వయొలిన్లు, బాకాలు, పెద్ద బ్యాండు. వీళ్లు అవన్నీ పక్కన పెట్టేసి దాదాపు మొత్తం మూగ్ మాడ్యులర్ సింథసైజర్ (కరెంటుతో సౌండ్ పుట్టించే వాయిద్యం, పొట్టిగా సింథ్) మీదే లాగించారు.

బేస్‌తో మొదలుపెట్టండి, మీ టైంలో సగం దీనికే పోయినా పర్లేదు. టెంపో 125 (నిమిషానికి 125 బీట్లు) పెట్టి, సింథ్‌లో సా వేవ్ అనే గరుకు సౌండ్ తీసుకుని, ఫిల్టర్ (సౌండ్‌లో పదును తగ్గించేది) చాలావరకు మూసి, డికే (నోటు తగ్గిపోయే టైం) పొట్టిగా ఉంచి, నోట్లని వరసగా వాయించే సీక్వెన్సర్లో బీట్‌కి రెండు నోట్లు వేయండి. వింటే చప్పగానే ఉంటుంది, కంగారు పడొద్దు. ఇప్పుడు దానికి 120 మిల్లీసెకన్ల డిలే (సౌండ్‌ని కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించే ఎఫెక్ట్) ఇవ్వండి, ఫీడ్‌బ్యాక్ సున్నా, రిపీట్ ఒక్కటే రావాలి, అసలు సౌండ్ ఎడమకి, డిలే కుడికి. అంతే, ఖాళీలు నిండిపోయి బీట్‌కి నాలుగు నోట్లయి బేస్ పరుగు అందుకుంటుంది! టెంపో మారిస్తే 60,000ని టెంపోతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 4తో భాగించండి, అదే మీ డిలే. కార్డ్ మారాలంటే నోట్లు కొత్తగా రాయక్కర్లేదు, ప్యాటర్న్ మొత్తాన్ని ట్రాన్స్‌పోజ్ చేస్తే, అంటే ఒకేలా పైకో కిందకో జరిపితే చాలు.

హై-హాట్‌కి (డ్రమ్ సెట్‌లో చిక్ చిక్‌మనే చిన్న తాళాలు) వైట్ నాయిస్‌ని, అంటే బుస్‌మనే సౌండ్‌ని, చిన్న చిన్న ముక్కలుగా కోస్తే సరిపోతుంది, వాళ్లూ మూగ్‌తో అలాగే చేశారు. కిక్ (ధమ్మని కొట్టే పెద్ద డ్రమ్) మాత్రం మూగ్‌లో కావాల్సినంత గట్టిగా రాలేదని డ్రమ్మర్ కీత్ ఫోర్సీ చేత నిజం డ్రమ్మే వాయించారు, కాబట్టి మీరు కూడా అసలు డ్రమ్ శాంపిలే (రికార్డ్ చేసిన సౌండ్) వాడండి, నా లెక్కలో ఆ పాటకి ప్రాణం సగం అక్కడే ఉంది. ఇక గొంతు. కింద మెషీన్ ఎంత పరిగెత్తినా పైన పాట నిదానంగా, సాగదీసి, గాల్లో తేలుతున్నట్టు ఉండాలి, బేస్‌తో పోటీపడి గబగబా పాడితే మొత్తం పాడైపోతుంది.

రీమిక్స్‌కి పాఠం శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండి 1982లో చనిపోయిన సింథ్ సంగీతకారుడు ప్యాట్రిక్ కౌలీ పని చూసి నేర్చుకోవాలి. 1978లో ఈయన ఎవరూ అడక్కుండానే ఈ పాటని పదిహేను నిమిషాలు దాటే మిక్స్‌గా చేశాడు, అది డీజేల చేతుల మీదుగా తిరిగి తిరిగి 1982లో గానీ అధికారికంగా రిలీజ్ అవ్వలేదు. ఆయన బేస్‌ని మార్చలేదు, లూప్ చేసి దానిమీద తన సింథ్ పార్టులు, ఎఫెక్టులు పేర్చుకుంటూ పోయాడు. మీరూ గొంతులేని చోటు చూసి 8 బార్లు (బార్ అంటే నాలుగు బీట్లు) కట్ చేసి లూప్ చేయండి, దానిపైన రెజొనెన్స్ (ఫిల్టర్ దగ్గర సౌండ్‌ని పదునుగా చేసేది) పెంచిన ఒక సింథ్ లైన్ వేసి, ఫిల్టర్‌ని కంప్యూటర్ తిప్పే ఆటోమేషన్‌తో కాకుండా చేత్తో తిప్పుతూ ఒకే టేక్‌లో రికార్డ్ చేయండి, ఆ చిన్న తడబాట్లే బాగుంటాయి. ఏ లేయర్ అయినా కనీసం 16 బార్లు ఉండనివ్వండి, డ్యాన్స్ చేసేవాళ్లకి అందులోకి దిగడానికి టైం కావాలి కదా. మధ్యలో కిక్ తీసేసి బేస్ ఒక్కటే వదలండి, గొంతు తిరిగొచ్చేది మాత్రం కిక్ వచ్చాకే.

ఎక్స్‌పోర్ట్ చేసేముందు ఎడమ ఛానెల్ ఒక్కటే విని, తర్వాత కుడి ఒక్కటే వినండి. హాల్లో ఒక స్పీకర్ పక్కనే నిలబడినవాళ్లకి బేస్‌లో సగం నోట్లే వినిపిస్తాయి, అడుగు తప్పుతుంది. అందుకే పెద్ద హాల్ కోసం చేసే కాపీలో ప్యాన్‌ని (సౌండ్ ఎడమకో కుడికో ఎంత జరగాలో చెప్పే సెట్టింగ్) రెండువైపులా సగానికి తగ్గించి పెట్టుకోండి.