చేలగట్టు మీది చిట్టి చామంతులను గుర్తుపట్టడం ఎలా

మా నరసన్నపేట చుట్టుపక్కల వరి కోతలయ్యాక గట్ల మీద, కాలువ వారల, ఎండిన మడుల్లో చామంతి కుటుంబానికి చెందిన చిన్న మొక్కలు బోలెడు పూస్తాయి. వాటిలో చాలావరకు ఒక్క ఏడాదిలోనే మొలిచి, పూసి, విత్తనం రాల్చి చచ్చిపోయేవే. అందరూ రంగు చూసి పేరు చెప్పేస్తారు. రంగుతో పని కాదు. నేను బంగారం పనివాణ్ణి, రాళ్లు చూసే పది రెట్ల భూతద్దంతోనే పూలూ చూస్తాను. ఈ కుటుంబంలో మొక్క పేరు తేలేది ఎక్కువగా విత్తనం నెత్తి మీదే.

భూతద్దం, సన్నమొన శ్రావణం (చిన్న పట్టకారు), బ్లేడు, ఒక నల్ల కాగితం ఉంటే చాలు. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చేసినా కొంత పని నడుస్తుంది. ఒకే మొక్క నుంచి రెండు తెంపండి: అప్పుడే విచ్చినదొకటి, ముదిరి విత్తనం పట్టినదొకటి. ఒక్క పూవే తెస్తే సగం సంగతే తెలుస్తుంది.

గడ్డి చామంతితో మొదలుపెట్టండి. అది దొరకని ఊరు లేదు. తడి ఉంటే ఏడాది దాటి కూడా బతుకుతుంది కానీ, నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక చెండు, అందులో పదుల కొద్దీ పూలు. చెండును బ్లేడుతో నిలువునా కోసి నల్ల కాగితం మీద పెట్టండి. అంచున కొన మూడుగా చీలి, తెల్లగా వెలిసినట్టుండే రేకులు సాధారణంగా అయిదు. ఒక్కో రేకు ఒక్కో ఆడపువ్వు. నడుమ పసుపుగా కనిపించేవి గొట్టం పూలు.

గొట్టం పూవొకటి శ్రావణంతో పీకి చూడండి. నోటి దగ్గర అయిదు కొనలు. లోపల అయిదు కేసరాల పుప్పొడి తిత్తులు ఒకదానికొకటి అతుక్కొని ఇంకో గొట్టం కట్టి ఉంటాయి. కీలం, అంటే పూవులోని ఆడభాగపు కాడ, ఆ గొట్టం అడుగు నుంచి పెరుగుతూ సైకిలు పంపు కడ్డీలా పుప్పొడిని పైకి తోసేస్తుంది. ఆ తరవాతే కీలం కొన రెండుగా విచ్చుకుంటుంది. పూలు అంచు నుంచి నడిమికి వరసగా తెరుచుకుంటాయి కాబట్టి, సగం విచ్చిన చెండు దొరికితే ఈ దశలన్నీ ఒక్కచోటే చూడొచ్చు. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు.

ఇప్పుడు ముదిరిన చెండు. గడ్డి చామంతి విత్తనం నల్లగా, నూగుతో ఉంటుంది, నెత్తిన ఈకల్లాంటి కుచ్చు. గాలికి లేచిపోతుంది, ఫ్యాను ఆపండి.

దీన్ని గుంటగలగరతో కలిపేసుకునేవాళ్లు చాలామంది. మా ఇంటావిడ నూనె కాచడానికి గుంటగలగర తెమ్మంటే వీధిలో పిల్లలు గడ్డి చామంతి పట్టుకొస్తారు. ‘ఇదేటర్రా’ అని ఆవిడ తలపట్టుకుంటుంది. తేడా సులువే. గుంటగలగర తడి నేల మొక్క, పూలు ఆకు మొదట్లోంచి పొట్టికాడతో వస్తాయి, అంచు రేకులు సన్నగా, లెక్కకు అందనన్ని ఉంటాయి. గడ్డి చామంతి చెండు పొడుగాటి బోడికాడ మీద ఒంటరిగా నిలబడుతుంది. అప్పటికీ అనుమానముంటే విత్తనం చూడండి: గుంటగలగరది గరుకుగా, పలకలుగా ఉంటుంది, ఎగిరే కుచ్చు ఉండదు. ఆకు నలిపితే రసం కాసేపటికి నల్లబడుతుంది.

అంచు రేకులు అసలే లేని జాతులున్నాయి. సహదేవి చెండులో అన్నీ ఊదా గొట్టాలే, విత్తనానికి తెల్లటి వెంట్రుకల కుచ్చు. పోకబంతి చెండులోనూ గొట్టాలే, లేత నీలమో తెలుపో, కానీ దాని నల్లటి విత్తనం నెత్తిన వెంట్రుకలకు బదులు సూదికొనల పొలుసులు అయిదు. ఆకు నలిపితే వచ్చే ఘాటు వాసన ఇంకో గుర్తు.

కోసిన మడుల్లో బోడసరం కనబడితే వదలకండి. కాండం పొడుగునా రెక్కల్లాంటి పట్టీలు, కొమ్మ చివర ఊదారంగు గుండు. ఆ గుండు ఒక్క చెండు కాదు. దాన్ని కోస్తే లోపల బోలెడు చిన్న చెండ్లు, ఒక్కో దాన్లో కొన్నేసి పూలు. భూతద్దం కింద వాటిని విడదీయడానికి ఓపిక కావాలి. నా లెక్కలో ఈ పొలాల్లో చూడదగ్గ మొక్క ఇదే.

వయ్యారిభామను మాత్రం ఉత్త చేతుల్తో ముట్టుకోవద్దు, చర్మం దురద పెట్టి దద్దుర్లు వస్తాయి. గ్లౌజులు లేకపోతే ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి. చిన్న తెల్లటి చెండు, అంచున అయిదు బుల్లి రేకులు, లోతుగా చీలిన ఆకులు. విత్తనం కట్టేది ఆ అంచు పూలే, అందుకని ఒక్కో చెండుకు అయిదే. అయిదేనా అనుకోకండి, ఒక మొక్కకు చెండ్లు వేలల్లో ఉంటాయి. ముదిరిన వయ్యారిభామను ఇంటికి తేవద్దు, గట్టు మీదే చూసి వదిలేయండి.

మిగతావి దాచుకోవాలంటే పాత న్యూస్‌పేపరు మధ్య పెట్టి పైన బరువుంచి, కాగితం రోజూ మార్చండి. విత్తనాలు ఆరేకొద్దీ రాలిపోతాయి కాబట్టి ముందే విడిగా తీసి, మేం రాళ్లు కట్టినట్టు చిన్న పొట్లం కట్టి, పైన ఊరు, తేదీ, గట్టో మడో రాసి మొక్క పక్కనే అంటించండి.