వెబ్‌సైటు కట్టించడానికి, నడపడానికి మూడేళ్ళ బడ్జెట్ వేసుకోవడం ఎలా?

వెబ్‌సైటు కట్టించుకోవాలనుకునేవారు డెవలపరును మొదట అడిగే ప్రశ్న “మొత్తం ఎంతవుతుంది?” అన్నదే. దానికి వచ్చే జవాబు సాధారణంగా సైటు తెరుచుకునే రోజు వరకు అయ్యే ఖర్చు మాత్రమే. ఆ తరువాత ఏటా కట్టవలసిన రుసుములు, నెలనెలా చేయవలసిన పని, పాతబడిన భాగాలను మార్చడానికయ్యే వ్యయం ఆ అంకెలో ఉండవు. అందుకే ఇక్కడ చెప్పే లెక్కంతా మూడేళ్ళకు వేసినది. ఒక్క ఏడాదికే లెక్క వేస్తే తొలి ఏడాది రాయితీలు కళ్ళకు గంతలు కడతాయి. ఐదారేళ్ళకు వేస్తే అందులో ఊహలే ఎక్కువవుతాయి.

ఒక స్ప్రెడ్‌షీటు తెరిచి, కట్టేటప్పటి ఖర్చు, మొదటి ఏడాది, రెండో ఏడాది, మూడో ఏడాది అని నాలుగు నిలువు గడులు గీసుకోండి. కింద చెప్పే ప్రతి పద్దు వీటిలో ఏ గడిలోకి వెళ్తుందో చూసుకుంటూ నింపాలి.

1. సైటు చేయవలసిన పనులను రాసుకోండి

కొటేషన్లు అడగడానికి ముందే, సైటుకు వచ్చినవారు అక్కడ ఏమేమి చేయగలగాలో ఒక్కో వాక్యంగా రాయండి. “ఆకర్షణీయంగా ఉండాలి”, “వేగంగా ఉండాలి” వంటి మాటలకు ఎవరూ ధర కట్టలేరు. “వచ్చినవారు తేదీ ఎంచుకొని సీటు రిజర్వు చేసుకోవాలి, రెండు రోజుల ముందు వరకు రద్దు చేసుకునే వీలుండాలి” అని రాస్తే కట్టగలరు.

చిన్న మాట వెనుక ఎంత పని దాగి ఉంటుందో చూడటానికి సంప్రదింపు ఫారాన్నే తీసుకుందాం. పైకి అది నాలుగు గడులు, ఒక బటన్. కానీ నింపిన వివరాలు మెయిల్‌గా వస్తే చాలా, లేక సైటులో నిల్వ కూడా ఉండాలా? పంపినవారికి అందినట్టు జవాబు వెళ్ళాలా? ఫైలు జతచేసే వీలుండాలా? రోజూ వచ్చి పడే చెత్త సందేశాలను ఎలా ఆపాలి? సేకరించిన పేర్లు, ఫోన్ నంబర్లు ఎంతకాలం ఉంచాలి, వాటిని ఎవరు చూడవచ్చు? వీటిలో “కావాలి” అన్న ప్రతి జవాబుకూ కొన్ని గంటల పని తోడవుతుంది. ఫారం ఒక రోజులో పూర్తవుతుందా, వారం పడుతుందా అన్నది ఈ జవాబులను బట్టే తేలుతుంది.

జాబితా పూర్తయ్యాక ఒక్కో అంశం పక్కన “తెరిచే రోజుకే కావాలి”, “ఆరు నెలల తరువాతైనా ఫరవాలేదు”, “ఉంటే బాగుంటుంది” అని గుర్తు పెట్టండి. మూడో రకాన్ని ఈ బడ్జెట్ నుంచి నిర్దాక్షిణ్యంగా కొట్టివేయడమే మేలు.

2. ఖర్చును ముందు గంటల్లో లెక్కించండి

డబ్బు అంకెలు మనిషిని బట్టీ, చోటును బట్టీ మారతాయి. పని గంటలు అంతగా మారవు. పైగా గంటల్లో రాసుకుంటే, మనమే చేసుకునే పనికి కూడా విలువ ఉందన్న సంగతి కనిపిస్తుంది.

పన్నెండు పేజీల చిన్న సైటును ఊహించుకోండి. ఒక్కో పేజీ రాయడానికి 3 గంటలు, దిద్దడానికి 1 గంట చొప్పున 48 గంటలు. ఫోటోలు ఏరుకోవడానికి, సైజు సరిచేయడానికి 10 గంటలు. డిజైను, నిర్మాణం కలిపి 60 గంటలు. ఫోన్లలోనూ వేర్వేరు బ్రౌజర్లలోనూ పరీక్షించి తప్పులు సరిచేయడానికి 12 గంటలు. మొత్తం 130. ఇందులో రాత, ఫోటోల పనే 58 గంటలు, అంటే దాదాపు 45 శాతం. డెవలపర్ ఇచ్చే కొటేషన్‌లో సాధారణంగా కనిపించనిది సరిగ్గా ఈ భాగమే. “మ్యాటర్ మీరే ఇవ్వాలి” అన్న ఒక్క వాక్యంలో అది మన నెత్తిన పడుతుంది. సైట్లు నెలల తరబడి తెరుచుకోకుండా ఉండిపోవడానికి నేను చూసిన కారణాల్లో మొదటిది కోడ్ కాదు, రాయకుండా మిగిలిపోయిన పేజీలు.

ఇక తెరిచిన తరువాతి సంగతి. అప్‌డేట్లకు, బ్యాకప్‌లకు, చిన్న మరమ్మతులకు నెలకు 3 గంటలు, కొత్త సమాచారం చేర్చడానికి 4 గంటలు వేసుకుంటే ఏడాదికి 84, మూడేళ్ళకు 252 గంటలు. కట్టడానికి పట్టిన 130కి ఇది దాదాపు రెట్టింపు. మీ సైటుకు ఈ అంకెలు వేరుగా ఉండవచ్చు గానీ, నడిపే ఖర్చు కట్టే ఖర్చును మించిపోవడం మాత్రం మామూలే.

గంటలు తేలాక, బయటివారు చేసే వాటిని వారి గంట ధరతో గుణించండి. మీరు లేదా మీ ఉద్యోగులు చేసే గంటలను సున్నా విలువతో వదిలేయకుండా వేరే పద్దుగా చూపించండి.

3. డొమైన్ పేరు: చిన్న ఖర్చు, పెద్ద ముప్పు

డొమైన్ అంటే సైటుకు పెట్టుకునే ఇంటర్నెట్ చిరునామా. మొత్తం బడ్జెట్‌లో దాని రుసుము చాలా చిన్నది. అయితే అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కోరేది కూడా ఇదే. డాట్ కామ్, డాట్ ఆర్గ్ వంటి పేర్లను ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్ళకు రిజిస్టర్ చేసుకోవచ్చు. మూడేళ్ళకు ఒకేసారి కట్టేస్తే ధర పెరుగుదల బెడద కొంత తప్పుతుంది. స్ప్రెడ్‌షీటులో మొదటి ఏడాది ఆఫరు ధర కాకుండా రెన్యువల్ ధర ఎంతో వెతికి పట్టుకొని రెండో ఏడాది, మూడో ఏడాది గడుల్లో అదే రాయండి.

నేను జమాఖర్చులు చూసే ఒక చిన్న సంస్థ సైటు ఒక సోమవారం ఉదయం మాయమైంది. డొమైన్ గడువు తీరిపోయిందని గంటసేపటికి గానీ అర్థం కాలేదు. రెన్యువల్ హెచ్చరికలన్నీ ఏడాది క్రితం ఉద్యోగం మానేసిన ఒకరి మెయిల్‌కు వెళ్తున్నాయి. ఆటో రెన్యువల్‌కు ఇచ్చిన కార్డు గడువు కూడా అంతకు ముందే ముగిసింది. సైటుతో పాటు అదే పేరు మీద నడిచే మెయిళ్ళు కూడా ఆగిపోయాయి కాబట్టి, కస్టమర్లకు సంగతి చెప్పుకునే దారి కూడా మూసుకుపోయింది. పేరు అప్పటికే రిడెంప్షన్ దశలో, అంటే అదనపు రుసుము కడితే తప్ప పాత యజమానికి తిరిగి రాని దశలో పడటంతో, మామూలు రెన్యువల్‌కు ఎన్నో రెట్లు కట్టి వెనక్కి తెచ్చుకోవలసి వచ్చింది.

డాట్ కామ్ వంటి పేర్లకు ఈ దశ 30 రోజులు ఉంటుంది. ఆ తరువాత మరో 5 రోజులకు పేరు విడుదలై, ఎవరైనా కొనుక్కోగల స్థితికి వస్తుంది. కాబట్టి డొమైన్ ఖాతా మీ పేరు మీద, కనీసం ఇద్దరు చూసే మెయిల్ చిరునామాతో ఉండాలి. డెవలపరు సొంత ఖాతాలో కొని “మీకెందుకు, మేం చూసుకుంటాం” అంటే సున్నితంగా కాదనండి. తరువాత వారితో పొసగకపోతే, మీ పేరును మీరే బతిమాలి తెచ్చుకోవలసి వస్తుంది.

4. హోస్టింగ్ ధరను మూడేళ్ళ సగటుతో పోల్చండి

హోస్టింగ్ అంటే సైటు ఫైళ్ళను ఉంచే సర్వరులో చోటును అద్దెకు తీసుకోవడం. రెన్యువల్ ధర 100 అనుకుంటే, మొదటి ఏడాది 25కే ఇస్తామనే కంపెనీ ఒకటి, ఏటా 60 తీసుకునే కంపెనీ మరొకటి ఉన్నాయనుకుందాం. మొదటి ఏడాది చూస్తే మొదటిదే చవక. మూడేళ్ళకు మొదటిదానికి 25, 100, 100 కలిపి 225 అవుతుంది, రెండోదానికి 180. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించే “నెలకు ఇంత” అన్న ధర తరచుగా రెండు, మూడేళ్ళ మొత్తాన్ని ముందే కడితేనే వర్తిస్తుంది. చివరి స్క్రీనులో చేరే పన్నును, విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు వేసుకునే రుసుమును కూడా కలిపి రాయండి.

ఏ రకం హోస్టింగ్ కావాలన్నది ఎందరు వస్తారన్నదాని కంటే పేజీ బరువును బట్టి తేలే సందర్భాలు ఎక్కువ. ఫోన్‌తో తీసిన ఒక్కో ఫోటో 4 ఎంబీ ఉంటే, అలాంటివి ఐదు ఉన్న పేజీ 20 ఎంబీ అవుతుంది. దాన్ని నెలకు 10,000 సార్లు తెరిస్తే సర్వరు నుంచి 200 జీబీ డేటా బయటికి వెళ్తుంది. అవే ఫోటోలను తెరకు సరిపడే సైజుకు తగ్గించి, వెబ్‌పీ వంటి ఫార్మాట్‌లో ఒక్కోటి 200 కేబీకి తెస్తే పేజీ 1 ఎంబీ, నెల లెక్క 10 జీబీ. వాడుకను బట్టి బిల్లు వేసే క్లౌడ్ సర్వర్లలో ఈ తేడా నేరుగా బిల్లులోనే కనిపిస్తుంది. అటువంటి సర్వరు తీసుకుంటే, ఖర్చు ఫలానా మొత్తం దాటగానే మెయిల్ వచ్చేలా బిల్లింగ్ అలర్టును మొదటి రోజే పెట్టుకోవాలి. వారానికి ఒకసారి కూడా మారని పేజీలే అయితే, ముందే తయారైన పేజీలను ఉన్నవి ఉన్నట్టు అందించే స్టాటిక్ హోస్టింగ్ చాలు. ఆ ఖర్చు దాదాపు లేనట్టే.

సైటుకూ బ్రౌజరుకూ మధ్య వెళ్ళే సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడే సెక్యూరిటీ సర్టిఫికెట్‌కు మామూలు సైటు విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 నుంచి వాటిని ఉచితంగా ఇస్తోంది. అయితే సర్టిఫికెట్ల గరిష్ఠ గడువును దశలవారీగా తగ్గించి 2029 మార్చి నాటికి 47 రోజులకు తేవాలని బ్రౌజర్లు, సర్టిఫికెట్ సంస్థలు కలిసిన వేదిక 2025లో తీర్మానించింది. కనుక సర్టిఫికెట్ దానంతట అదే రెన్యువల్ కాని హోస్టింగ్ ఎంత చవకైనా తీసుకోకండి.

5. సాఫ్ట్‌వేర్, ప్లగిన్లు, బయటి సేవలు

సైటును కట్టి నడపడానికి వాడే వర్డ్‌ప్రెస్ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితమే. దాని మీద వాడే ప్రీమియం థీములు (సైటుకు రూపాన్నిచ్చేవి), ప్లగిన్లలో (అదనపు సౌకర్యాలు చేర్చేవి) చాలావాటికి మాత్రం ఏటా లైసెన్సు కట్టాలి. కట్టడం మానేస్తే ప్లగిన్ అప్పటికి పనిచేస్తూనే ఉన్నా అప్‌డేట్లు ఆగిపోతాయి. హ్యాకర్లు వెతికేది అలాంటి వాటినే. అందువల్ల ఏ లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది, ఎప్పుడు ముగుస్తుంది అన్నవి రెండూ పద్దులో రాసుకోండి. సైటు చిరునామాతో మెయిల్ కావాలంటే, ఒక్కో వ్యక్తికి నెలకింత అనే సేవల్లో మనుషులు పెరిగే కొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఆన్‌లైన్ చెల్లింపులను జరిపించే గేట్‌వే కంపెనీ తీసుకునే శాతాన్ని సైటు ఖర్చులో కాక అమ్మకాల లెక్కలో చూపడం సబబు.

ఇవాళ ఉచితంగా ఉన్నది రేపు కూడా ఉచితంగానే ఉంటుందన్న హామీ లేదు. 2018లో గూగుల్ తన మ్యాప్స్ సేవ ధరల పద్ధతిని మార్చి, బిల్లింగ్ ఖాతా తప్పనిసరి చేసినప్పుడు ఎన్నో సైట్లలో మ్యాపు మీద హెచ్చరిక రాతలు ప్రత్యక్షమయ్యాయి. అలాగే వర్డ్‌ప్రెస్ కోవకే చెందిన డ్రూపల్ 7 సాఫ్ట్‌వేర్‌కు మద్దతు 2025 జనవరి 5న ముగిసింది. దాని మీద నడిచే సైట్లను తరువాతి వెర్షన్లకు మార్చడం అప్‌డేట్ బటన్ నొక్కినంత తేలిక కాదు, దాదాపు మళ్ళీ కట్టినంత పని. మీరు ఎంచుకున్న వెర్షన్‌కు మద్దతు ఏ సంవత్సరం వరకు ఉందో ముందే తెలుసుకోండి. అది మూడేళ్ళ లోపే ముగిసేటట్లయితే, ఆ మార్పు ఖర్చును ఆ ఏడాది గడిలోనే వేయండి.

6. కొటేషన్లు తీసుకోండి

మొదటి మెట్టులో రాసిన జాబితాను మార్చకుండా ముగ్గురికి పంపండి. వచ్చిన కొటేషన్లలో మొత్తం ధర కంటే ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. డిజైనులో ఎన్నిసార్లు మార్పులు అడగవచ్చు? ఆ పైన అడిగితే గంటకు ఎంత? తెరిచిన తరువాత ఎన్ని రోజుల వరకు తప్పులను ఉచితంగా సరిచేస్తారు? లాగిన్లు, కోడ్, డిజైను ఫైళ్ళు అన్నీ మీకు అప్పగిస్తారా? ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబివ్వని చవక కొటేషన్ కంటే, ఇచ్చిన ఖరీదైన కొటేషనే చివరికి చవక అని నా అభిప్రాయం.

డబ్బును విడతలుగా ఇవ్వండి. కొంత అడ్వాన్సుగా, కొంత డిజైను ఖాయమయ్యాక, కొంత సైటు తెరిచాక ఇచ్చి, మిగిలినది లాగిన్లన్నీ చేతికి అందాకే ఇవ్వాలి.

7. నిర్వహణకూ, అనుకోని ఖర్చులకూ డబ్బు కేటాయించండి

నిర్వహణకు ఎంత పెట్టాలో తెలియనప్పుడు, కట్టడానికయిన ఖర్చులో 15 నుంచి 20 శాతాన్ని ఏటా కేటాయించడం సాఫ్ట్‌వేర్ రంగంలో చాలామంది పాటించే పద్ధతి. ఇది సాంకేతిక నిర్వహణకు మాత్రమే. కొత్త సమాచారం రాయించే ఖర్చు దీనికి అదనం. కట్టేటప్పుడు మధ్యలో పుట్టుకొచ్చే కోరికలకు మరో 15 శాతం పక్కన పెట్టండి. అవి పుట్టక మానవు.

బ్యాకప్ దగ్గర మాత్రం ఖర్చు తగ్గించుకోకండి. ఇంత పెట్టి సైటు కట్టుకొని బ్యాకప్ రుసుము దగ్గర వెనకాడటం ఏనుగునిచ్చి అంకుశం దగ్గర తగవులాడటమే. ఒక కాపీ అయినా హోస్టింగ్ కంపెనీకి బయట ఉండాలి. ఏడాదికి ఒకసారి ఆ కాపీ నుంచి సైటును తిరిగి నిలబెట్టి చూడటానికి రెండు, మూడు గంటలు నిర్వహణ పద్దులో చేర్చండి.

8. రెన్యువల్‌కు రెండు నెలల ముందు లెక్క సరిచూడండి

ఏటా హోస్టింగ్ గడువుకు రెండు నెలల ముందు ఒక తేదీని క్యాలెండరులో పెట్టుకొని, అనుకున్న ఖర్చు పక్కన అయిన ఖర్చును రాయండి. ఆ ఏడాది ఎవరూ తెరవని పేజీలు, ఎవరూ వాడని ప్లగిన్లు, మానేసిన ఉద్యోగుల పేరు మీద ఇంకా డబ్బు కడుతున్న మెయిల్ ఖాతాలు అప్పుడే బయటపడతాయి. మరో హోస్టింగుకు మారాలన్నా తొందరపడకుండా మారడానికి ఆ రెండు నెలలు సరిపోతాయి.

సైటును మూసివేయాలని నిర్ణయించుకున్నా దానికీ ఒక పద్దు ఉంటుంది. హోస్టింగ్‌ను వెంటనే ఆపేయవచ్చు గానీ, డొమైన్‌ను మాత్రం మరో రెండేళ్ళయినా రెన్యువల్ చేస్తూ ఉండాలి. పేరును వదిలేస్తే దాన్ని కొన్నవారు ఆ పేరుతో ఉన్న పాత మెయిల్ చిరునామాలను మళ్ళీ సృష్టించి, వాటికి ఇంకా వస్తున్న ఉత్తరాలను, పాస్‌వర్డ్ మార్పు లింకులను అందుకోగలరు. ఆ చిరునామాలతో తెరిచిన బ్యాంకు, సోషల్ మీడియా ఖాతాలన్నిటినీ వేరే మెయిల్‌కు మార్చడం పూర్తయ్యాకే డొమైన్ పద్దును కొట్టివేయండి.