టెస్ట్ బొమ్మల లైసెన్స్ చిక్కులు: తెలుగు ఓసీఆర్ ప్రాజెక్టులకు సమస్య - పరిష్కారం

విశాఖలో మాతో కలిసి ఓపెన్‌సోర్స్ పని చేసే కుర్రాళ్లలో చాలామంది తెలుగు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని చదివి టెక్స్ట్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) మీదే ఉన్నారు. కోడ్ శుభ్రంగా రాస్తారు. చిక్కంతా ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి బొమ్మలు దాచే టెస్ట్ ఫోల్డర్‌లోనే. పేపర్ కటింగులు, పుస్తకాల పేజీలు, షాపు బోర్డులు, ఎవరు ఎక్కణ్ణుంచి తెచ్చారో తెలియని జేపెగ్‌లు అందులో పేరుకుపోతాయి. వాటిని సర్దకపోతే ఇంత కష్టపడి చేసిన పని జనం దాకా వెళ్లదు.

సమస్య: డెబియన్‌కి (స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని పంచే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) పంపిన ప్యాకేజీ “ఈ ఫొటోల లైసెన్స్ ఏంటి?” అని వెనక్కి వచ్చింది

కారణం: ప్రాజెక్టులో ఎంఐటీ లైసెన్స్ (కోడ్‌ని ఎవరైనా వాడుకోనిచ్చే అనుమతి) ఫైలు ఉంది కాబట్టి లోపలున్నవన్నీ దాని కిందకే వస్తాయనుకుంటాం. రావు. ఫొటో ఎవరిదో వాళ్లే హక్కు ఇవ్వాలి, మనది కానిదాన్ని మన లైసెన్స్ కింద పెట్టలేం. టెస్ట్ ఫైళ్లు యూజర్ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ కావు కదా అంటే డెబియన్ వాళ్లు ఒప్పుకోరు. సోర్స్ టార్‌బాల్‌ని (కోడ్ మొత్తం కట్టిన ఒకే ఫైలు) కూడా వాళ్లు పంచుతారు, అందుకే అందులోని ప్రతి ఫైలూ వాళ్ల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మార్గదర్శకాలకు (డీఎఫ్ఎస్‌జీ) సరిపోవాలి.

పరిష్కారం: ముందు గిట్ లాగ్‌లో (కోడ్ మార్పుల చరిత్ర) ఆ ఫైలు మొదటిసారి ఏ కమిట్‌లో, అంటే ఏ మార్పులో చేరిందో చూడండి. ఫాలో ఆప్షన్ పెట్టి చూడాలి, లేకపోతే మధ్యలో పేరు మార్చినవాళ్లే తెచ్చినట్టు కనబడుతుంది. తర్వాత ఫొటో లోపలి వివరాలు చూపించే ఎగ్జిఫ్‌టూల్‌తో ఆర్టిస్ట్, కాపీరైట్ వివరాలు ఉన్నాయేమో చూడండి. మనిషి తెలిస్తే అందరికీ కనబడేలా ప్రాజెక్టు ఇష్యూలోనే (సమస్యలు చర్చించే పేజీ) అడగండి. నేనైతే ఇలా రాస్తాను:

“నమస్తే అండీ. బస్ బోర్డు ఫొటో మీరే తీశారా? మీరే అయితే, ఎవరైనా దేనికైనా వాడుకునేలా సీసీ జీరో (హక్కులన్నీ వదులుకునే క్రియేటివ్ కామన్స్ పత్రం) కింద విడుదల చేస్తున్నానని ఇక్కడే ఒక్క వాక్యం రాయగలరా? వేరేవాళ్లు తీసిందైతే వాళ్లెవరో చెప్పండి చాలు, మేం అడుగుతాం.”

“పర్లేదు, వాడుకోండి” అని జవాబొస్తే అక్కడితో ఆగకండి. అది మనకు మాత్రమే ఇచ్చిన అనుమతి. మన దగ్గర తీసుకుని మార్చుకునేవాళ్లకి, అమ్ముకునేవాళ్లకి అది పనికిరాదు. లైసెన్స్ పేరు వాళ్లే రాయాలి. రాశాక రీయూజ్ అనే లైసెన్స్ నమోదు పద్ధతిలో నమోదు చేయండి: బొమ్మ పక్కనే అదే పేరుకి చివర డాట్ లైసెన్స్ అని చేర్చిన చిన్న టెక్స్ట్ ఫైలు, అందులో ఎవరిది, ఏ లైసెన్స్ అని రెండు లైన్లు. జవాబు రాకపోతే బొమ్మనే మార్చేయండి. మౌనం అర్ధాంగీకారం అన్నది కాపీరైట్ దగ్గర చెల్లదు.

సమస్య: లైసెన్స్ ఉంది, అయినా కుదరదంటున్నారు

కారణం: క్రియేటివ్ కామన్స్ (ఇతరులు వాడుకునేలా ఇచ్చే లైసెన్సుల కుటుంబం) అన్నంత మాత్రాన సరిపోదు. వ్యాపారానికి వాడొద్దు, మార్పులు చేయొద్దు అనే షరతులున్న రకాలు డెబియన్‌లో ప్రధాన విభాగంలోకి రావు. ఓసీఆర్ డేటాసెట్లలో కనబడే “పరిశోధనకు మాత్రమే” అన్నదీ అంతే.

పుస్తకాల పేజీలైతే సంవత్సరాలు లెక్కపెట్టాలి. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ల పాటు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు నిశ్చింతగా వాడుకోవచ్చు. విశాఖలోనే పుట్టిన శ్రీశ్రీ 1983లో పోయారు, ఆయన కవితలున్న పేజీ 2043 చివరిదాకా కుదరదు. గురజాడ పుస్తకమే అయినా కొత్త ముద్రణలో ముందుమాట, అట్ట మీద బొమ్మ ఇంకొకరివి. ప్రభుత్వ ప్రచురణలు జనం సొత్తేగా అనుకోవద్దు, వాటికీ 60 ఏళ్ల కాపీరైట్ ఉంది.

అందరూ వాడుతున్నారన్నది కూడా అనుమతి కాదు. ఇమేజ్ ప్రాసెసింగ్‌లో దశాబ్దాల పాటు తిరిగిన లేనా అనే మోడల్ ఫొటో 1972 నవంబర్ నాటి ఒక పత్రిక నుంచి స్కాన్ చేసింది. సైపై అనే పైథాన్ లైబ్రరీ దాన్ని ఎప్పుడో తీసేసింది.

సమస్య: బొమ్మ మార్చగానే టెస్టులు ఫెయిల్ అవుతున్నాయి

కారణం: టెస్టుకి ఆ బొమ్మలో నిజంగా ఏం కావాలో ఎక్కడా రాసి ఉండదు. పక్కకి తిరిగిన ఎగ్జిఫ్ ఓరియెంటేషనా (ఫొటో ఎటు తిరిగి ఉందో చెప్పే వివరం), ప్రింటింగ్‌లో వాడే సీఎంవైకే రంగులా, బేసి సంఖ్య వెడల్పా, వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనబడే పల్చటి కాగితమా? చాలాసార్లు టెస్టుకి కావలసింది ఆ ఒక్క లక్షణమే. లైసెన్స్ కోసం నెలల తరబడి మెయిళ్లు రాసేముందు ఈ ప్రశ్న వేసుకుంటే సగం బొమ్మలు అసలు అక్కర్లేదని తేలుతుంది. నా వరకు ఈ పని మొత్తంలో ముఖ్యమైన మెట్టు ఇదే.

పరిష్కారం: పాత బొమ్మని తెచ్చిన కమిట్‌లో దాంతోపాటు సరిచేసిన బగ్ ఏదో చదవండి. ఆ లక్షణంతో కొత్త బొమ్మ మీరే తయారుచేయండి. తెలుగు అక్షరాల బొమ్మలకి నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఫాంట్లున్నాయి. ఆ లైసెన్స్ ఫాంటుకే గానీ దాంతో చేసిన బొమ్మకి అంటుకోదు.

ఇక్కడో మెలిక ఉంది. పిల్లో అనే పైథాన్ బొమ్మల లైబ్రరీలో, అక్షరాల్ని సరిగ్గా కూర్చే రాక్మ్ మద్దతు లేకుండా రాస్తే ఒత్తులు కలవవు. “మద్దిలపాలెం” అని ఇస్తే మొదటి ద మీద పొల్లు నిలబడి, దాని పక్కన “ది” విడిగా వస్తుంది. ఓసీఆర్ దాన్ని సరిగ్గా చదవదు, మీరేమో కోడ్‌లో తప్పు వెతుకుతూ ఉంటారు. టెస్ట్ బొమ్మ చేసేముందు “మద్దిలపాలెం”, “ద్వారకా”, “స్త్రీ” రాయించి కంటితో చూసుకోండి. అక్షరాల్ని కూర్చే మరో లైబ్రరీ పాంగోతో చేస్తే ఈ టెన్షన్ ఉండదు.

చెడిపోయిన జేపెగ్ కావాలంటే సొంత ఫొటో తీసుకుని, చివరి బైట్లు కోసేస్తే సరిపోతుంది.

సమస్య: ఫొటో సొంతంగా తీసిందే, అయినా అభ్యంతరం వచ్చింది

కారణం ఫ్రేములోనే ఉండొచ్చు. జగదాంబ జంక్షన్‌లో బోర్డు కోసం తీసిన ఫొటోలో సగం సినిమా పోస్టరే ఉంటే దాని హక్కు నిర్మాతలది. బీచ్ రోడ్డు మీద శాశ్వతంగా నిలబెట్టిన విగ్రహాల ఫొటోలకి మాత్రం మన చట్టంలో మినహాయింపు ఉంది. నేవీ స్థలాల దగ్గర ఫొటోలు వద్దన్న బోర్డు ఉంటే లైసెన్స్ మాట అలా ఉంచి, కెమెరా బయటికి తీయకండి.

ఫైలు లోపల కూడా చూడాలి. చాలా ఫొటోల్లో కనబడే ఎస్ఆర్‌జీబీ కలర్ ప్రొఫైల్‌లో 1998 నాటి హ్యూలెట్ ప్యాకార్డ్ కాపీరైట్ వాక్యం ఉంటుంది. రంగుల టెస్టు కాకపోతే ప్రొఫైల్ తీసేయండి. పనిలో పనిగా జీపీఎస్ వివరాలు కూడా.

సమస్య: ఫైలు తీసేశాం, ఇంకా ఉందంటున్నారు

కారణం: గిట్‌లో తీసేసినా విడుదలైన పాత టార్‌బాల్‌లో అది అలాగే ఉంది. కొత్త వెర్షన్ విడుదల చేయండి. అది కుదిరేదాకా డెబియన్ వైపు కాపీరైట్ ఫైలులో మినహాయించే ఫైళ్ల జాబితా ఇచ్చి, వెర్షన్ చివర ప్లస్ డీఎఫ్ఎస్‌జీ అని చేర్చి మళ్లీ ప్యాక్ చేస్తారు.

మామూలు ఫొటోల కోసం గిట్ చరిత్రని తిరగరాయక్కర్లేదని నా అభిప్రాయం. కమిట్ల హ్యాష్‌లన్నీ (గుర్తింపు కోడ్‌లు) మారిపోయి అందరి క్లోన్లూ (దించుకున్న కాపీలు) తేడా కొడతాయి. హక్కుదారు గట్టిగా అడిగితే తప్పదు.

ఇంకో సందర్భంలో అయితే ఎవరూ అడక్కపోయినా తిరగరాయాలి. బగ్ చూపించడానికి ఎవరో ఆధార్ కార్డో కరెంటు బిల్లో జతచేస్తారు, దాన్ని అలాగే టెస్ట్ ఫోల్డర్‌లో వేసేస్తారు. అలాంటిది కనబడితే వెంటనే గిట్ ఫిల్టర్ రెపో అనే టూల్‌తో చరిత్రంతటి నుంచీ తీసేయండి, ఇష్యూలో ఉన్న జతనీ తొలగించండి, ఫోర్కులు (ప్రాజెక్టుకి సొంత కాపీలు) ఉన్నవాళ్లకి కబురు పెట్టండి, ఆ కార్డు ఎవరిదో వాళ్లకి జరిగింది చెప్పండి.