చంటిబిడ్డ ఆఫీసుకు వచ్చే రోజు

ఆయా రాలేదు, అమ్మమ్మ ఊళ్లో లేదు, డే కేర్‌కు సెలవు. ఆఫీసు పని మాత్రం ఆగదు. అలాంటి రోజున తల్లో తండ్రో బిడ్డను చంకనేసుకుని రావాల్సి వస్తుంది. పదిమంది కలిసి కూర్చునే హాల్లో ఆ పూట సాఫీగా గడవాలంటే కాస్త ఏర్పాటు కావాలి. ముందుగా ఒకటి ఒప్పుకోవాలి: ఇది ఒకటి రెండు రోజుల సర్దుబాటు, అదీ రోజుకు మూడు నాలుగు గంటలు. అంతకు మించితే బిడ్డ అలిసిపోతుంది, పనీ జరగదు.

మెడ నిలిచి, పాకడం ఇంకా రాని వయసులో, అంటే సుమారు నాలుగు నుంచి ఏడు నెలల మధ్య, తీసుకురావడం తేలిక. పాకే బిడ్డను హాల్లో ఆపలేం. ఆ వయసు వచ్చాక ఇంటినుంచి పనో, పూట సెలవో అడగడమే నయం. ఒంటి వేడి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నా, ముందురోజే టీకా వేయించినా తీసుకురావద్దు.

ముందురోజు చెప్పాల్సింది

మేనేజర్ అనుమతి ఒక్కటే చాలదు, పక్క సీట్లవాళ్లకూ తెలియాలి. 'రేపు పదింటి నుంచి ఒంటిగంట దాకా పాప నాతో ఉంటుంది. మూల సీట్లో కూర్చుంటాం. పదకొండింటి కాల్ మీరు చూసుకోగలరా అండీ?' అన్నట్టు వేళలు, చోటు, కావలసిన సాయం మూడూ ఉండాలి. క్లయింట్ సమాచారం ఉండే ఫ్లోర్లలోకి బయటివాళ్లను రానివ్వని ఆఫీసులున్నాయి. గేటు దగ్గర బిడ్డతో నిలబడిపోకుండా సెక్యూరిటీకి ముందే చెప్పించాలి.

చోటు

బిడ్డ తల ఉండేచోట టిష్యూ కాగితం ఒకటి పట్టుకుని చూడండి. అది రెపరెపలాడితే ఏసీ గాలి నేరుగా కొడుతున్నట్టే, చోటు మార్చాలి. ఏసీ 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంటే చాలు. ప్రింటర్‌కు, ప్యాంట్రీకి, తలుపు తెరుచుకునే దారికి దూరంగా, బయటికి త్వరగా వెళ్లగలిగే మూల మంచిది.

బిడ్డను టేబుల్ మీదా, చక్రాల కుర్చీలోనూ క్షణంపాటైనా పెట్టవద్దు. నిన్నటిదాకా బోర్లాపడని బిడ్డ ఇవాళ అక్కడే మొదటిసారి బోర్లాపడవచ్చు. నేలమీద ప్లాస్టిక్ షీటు, దానిపై మడిచిన బొంత పరిస్తే ఆడుకోవడానికి చాలు. నిద్రకు మాత్రం గట్టిగా, చదునుగా ఉండే మడత మంచమో, వెనక్కి పూర్తిగా వాలే స్ట్రోలరో కావాలి. వెల్లకిలా పడుకోబెట్టాలి, దిండు వద్దు. కారు సీటులో నిద్రపోతే తల ముందుకు వాలి ఊపిరి ఇబ్బంది అవుతుంది కనుక ఆఫీసుకు చేరగానే అందులోంచి తీయాలి.

బొంత పరిచే ముందు మీరే మోకాళ్లమీద వంగి నేలను చూడండి. స్టేప్లర్ పిన్నులు, గుండుసూదులు, పెన్ను మూతలు, కొత్త సామాన్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు కుర్చీల కింద కచ్చితంగా దొరుకుతాయి. చిన్న అయస్కాంతం తిప్పితే పిన్నులు అంటుకుంటాయి. నాలుగు సెంటీమీటర్లకన్నా చిన్న వస్తువేదైనా గొంతులో ఇరుక్కోగలదు. రిమోట్లలో ఉండే బిళ్ల బ్యాటరీ ఇంకా ప్రమాదం: మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఎక్స్‌రేలో కనిపిస్తుంది. గొంతులో ఏదైనా అడ్డుపడి ఏడుపు, ఊపిరి రాకపోతే ఏడాదిలోపు బిడ్డను తల కిందికి ఉండేలా ముంజేతిపై బోర్లా పట్టుకుని వీపుపై ఐదు దెబ్బలు, తిప్పి రొమ్ము మధ్యలో ఐదు నొక్కులు, ఇలా మార్చి మార్చి చేస్తూ ఇంకొకరితో 108కి ఫోన్ చేయించాలి. కంటికి కనిపించనిదాని కోసం నోట్లో వేలు పెట్టి వెతకవద్దు, మరింత లోపలికి పోతుంది.

గజ్జెలు, మొలతాడు పూసలు ఆ పూటకు ఇంట్లోనే తీసేయండి. గజ్జెల చప్పుడు ఎలాగూ ఇబ్బందే, అంతకన్నా ఊడిన మువ్వ నోట్లోకి వెళ్తుందన్నది అసలు భయం. వేడి టీ, ల్యాప్‌టాప్ ఛార్జర్ తీగ బిడ్డ చేతికందే దూరంలో ఉండకూడదు. బిడ్డను ఎత్తుకున్న చేత్తో టీ కప్పు పట్టుకోవద్దు.

పాలు, సంచి

మూడు గంటలకు నాలుగు డైపర్లు, రెండు జతల బట్టలు, మూడు నూలు గుడ్డలు, పలుచటి దుప్పటి, జిప్ కవర్లు. వాడిన డైపర్ జిప్ కవర్లో మూసి బాత్రూం చెత్తబుట్టలో వేయాలి, సీటు కింద బుట్టలో కాదు.

పాలివ్వడానికి బాత్రూం చూపించడం తప్పు. ఖాళీగా ఉన్న మీటింగ్ గదికి లోపల గడియ, గాజు తలుపుకు కాగితం ఉంటే చాలు. పిండి తెచ్చిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవుంటాయి. ఫ్రిజ్ తలుపు దగ్గర వేడెక్కుతుంది, వెనకవైపు పెట్టి పేరు, తేదీ రాయాలి. మే నెల ఎండల్లో దారిలోనే పాలు చెడతాయి, ఐస్ ప్యాకులున్న సంచిలో తేవాలి. వేడినీళ్ల కప్పులో సీసా ఉంచి గోరువెచ్చగా చేయండి. మైక్రోవేవ్‌లో పెడితే పాలు అక్కడక్కడ మరిగి నోరు కాలుతుంది. తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలి. డబ్బాపాలైతే అక్కడికక్కడే కలపాలి, తాగగా మిగిలింది దాచకూడదు. ఆదా కోసం నీళ్లు ఎక్కువ పోయడం బిడ్డకు హానికరం.

ఏడ్చినప్పుడు

'ఇంకాసేపట్లో ఊరుకుంటుందిలే' అని కూర్చోవడమే ఎక్కువ గొడవలకు మూలం. ఏడుపు మొదలైన నిమిషంలో లేచి మెట్ల దగ్గరికో, వరండాలోకో వెళ్లాలి. ఆరు నెలల బిడ్డ ఒక విడతలో రెండు గంటలు, కాస్త అటూఇటూగా మెలకువగా ఉంటుంది. ఆఫీసు వేళ మధ్యలో నిద్ర పడేలా బయలుదేరితే ఒక గంట గట్టిగా పని సాగుతుంది. ఆ గంటలో కాల్స్ పెట్టుకోకుండా నిశ్శబ్దంగా అయ్యే పని చేసుకోండి.

తోటి ఉద్యోగులు ఎత్తుకునే ముందు అడగాలి, సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కోవాలి. జలుబున్నవాళ్లు దూరంగా ఉండాలి. బుగ్గలు పుణకడం, ముద్దులు, గ్రూపులో ఫోటోలు వద్దు. 'మీరు పట్టుకోండి మేడమ్' అంటూ ఆడవాళ్లకే బిడ్డను అందించే అలవాటూ మానాలి. ఆ గదిలో గర్భం నిలవక బాధపడుతున్నవాళ్లు ఉండవచ్చు, ఆ సంగతి ఎవరికీ చెప్పి ఉండకపోవచ్చు. ఇబ్బందిగా ఉన్నవాళ్లు గుసగుసలాడకుండా 'పన్నెండింటికి నాకు కాల్ ఉంది, ఆ అరగంట బయట ఉండగలరా?' అని నేరుగా అడిగితే సరిపోతుంది.

ఇలాంటి రోజులు పదేపదే వస్తుంటే సర్దుబాటుతో లాగవద్దు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన నియమం ప్రకారం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్, అంటే ఉద్యోగుల పిల్లలను చూసుకునే చోటు, ఏర్పాటు చేయాలి. ఆ 50 మందీ ఆడవాళ్లే కానక్కర్లేదు, మొత్తం ఉద్యోగుల సంఖ్యే లెక్క. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా విశ్రాంతి సమయం కాక, పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలి. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ హక్కులున్నాయి. హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా, ప్రసూతి సెలవు ముగిసి తిరిగి చేరే తేదీకి నెల ముందే అడగండి. క్రెష్ లేకపోతే దగ్గర్లోని డే కేర్‌తో ఒప్పందం చేసుకునేందుకు వాళ్లకు వ్యవధి ఉంటుంది.