లెక్కల ఉద్యోగం నుంచి బ్లాక్‌చెయిన్‌లోకి, గోదావరి జిల్లాల నుంచి దుబాయ్‌కి కొత్తగా వచ్చేవాళ్ళకి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు నుంచి ఈమధ్య నాకు ఫోన్లు బాగా ఎక్కువయ్యాయండి. అన్నయ్యా నేను రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తున్నాను, బ్లాక్‌చెయిన్‌లోకి మారదామనుకుంటున్నా, దుబాయ్ వచ్చేయనా అని. అందరికీ విడివిడిగా చెప్పడం కుదరట్లేదు, అందుకే ఒకచోట రాస్తున్నా. నేను ఆకివీడు దగ్గర రొయ్యల ప్లాంట్‌లో తొమ్మిదేళ్ళు అకౌంటెంట్‌గా చేశాను, ఇప్పుడు ఇక్కడ దుబాయ్‌లో లైసెన్స్ ఉన్న ఒక ఎక్స్ఛేంజ్‌లో (క్రిప్టో కాయిన్లు కొని అమ్మే చోటు) లెక్కలు సరిచూసే పని.

ముందు చెప్పేదేంటంటే, పాత పనిలో నేర్చుకున్నది వదిలేసి రాకండి, దాన్ని పట్టుకునే రండి. కోడింగ్ రాకపోతే ఇక్కడ చోటు లేదని చాలామంది భయపడుతున్నారు. 2022లో దుబాయ్ ప్రభుత్వం వారా (VARA) అనే నియంత్రణ సంస్థ పెట్టింది, అప్పట్నుంచి క్రిప్టో (బ్లాక్‌చెయిన్ మీద నడిచే డిజిటల్ కాయిన్లు) వ్యాపారం చేసే కంపెనీకి దాని లైసెన్స్ ఉండాలి (డీఐఎఫ్‌సీ అనే ఫైనాన్స్ జోన్‌కి మాత్రం వేరే రూల్స్). లైసెన్స్ కావాలంటే కంప్లయన్స్ ఆఫీసర్ (రూల్స్ పాటిస్తున్నారో లేదో చూసే మనిషి) ఉండాలి, కస్టమర్ల ఆస్తి కంపెనీ ఆస్తితో కలవకూడదు, ఆడిట్ జరగాలి. అదే ఏడాది నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద క్రిప్టో ఎక్స్ఛేంజ్ కూలిపోయింది కదా, కస్టమర్ల డబ్బు సొంత ట్రేడింగ్ సంస్థకి మళ్ళించారని తర్వాత కోర్టులో తేలింది, ఇక అక్కడ్నుంచి ప్రతివాళ్ళూ ముందు లెక్క చూపించమనే అడుగుతున్నారు. లెక్క చూపించేది మనలాంటోళ్ళే.

మన తాతల కాలంలో షావుకారు కొట్లో చిట్టా (రోజువారీ పద్దు) రాసి సాయంత్రానికి ఆవర్జాకి (లెడ్జర్‌కి) ఎక్కించేవారు గుర్తుందా. బ్లాక్‌చెయిన్ అంటే ఊరందరి దగ్గరా ఒకే కాపీ ఉన్న చిట్టా అనుకోండి, ప్రతి పేజీ మీదా దాని ముందు పేజీ గుర్తు ఉంటుంది కాబట్టి మధ్యలో ఎక్కడైనా ఒక్క అంకె దిద్దితే ఆ తర్వాతి పేజీలన్నీ తేడా కొట్టేస్తాయి. కానీ ఆ చిట్టాలో పేర్లుండవు, అంకెలూ అక్షరాలూ కలిసిన అడ్రస్‌లే ఉంటాయి. ఏ అడ్రస్ ఏ కస్టమర్‌ది, ఏ ఎంట్రీ ఏ ఖాతాకి వెళ్ళాలి అనే ఆవర్జా పని ఇంకా మనుషులే చూసుకోవాలి. చెరువు గట్టు మీద తూకం ఒకటి, ప్లాంట్‌లో గ్రేడింగ్ అయ్యాక తూకం ఇంకోటి వస్తే ఎక్కడ తేడా వచ్చిందా అని రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని పట్టుకున్నవాళ్ళకి వాలెట్‌లో (కాయిన్లు దాచుకునే డిజిటల్ పర్సు) బ్యాలెన్స్‌కీ పుస్తకంలో బ్యాలెన్స్‌కీ తేడా పట్టుకోవడం అలవాటైన పనే. నేను ఇక్కడ మొదట పట్టుకున్న తేడా టైమ్‌ది. బ్లాక్ (ఆ చిట్టాలో ఒక పేజీ) మీద యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైమ్ ఉంటుంది, దుబాయ్ దానికి నాలుగు గంటలు ముందు, నెలాఖరు రాత్రి లావాదేవీలు కొన్ని మా పుస్తకంలో ఈ నెలలో, రిపోర్ట్‌లో పోయిన నెలలో పడుతున్నాయి. పాత అలవాటు కొద్దీ నెలాఖరు ఎంట్రీలే ముందు తిప్పాను, దొరికింది.

నేర్చుకోవాల్సినవి ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, లక్షలు పోసి కోర్సులు వద్దు. ఈథరియం అనే బ్లాక్‌చెయిన్ లావాదేవీలు చూపించే ఈథర్‌స్కాన్ వెబ్‌సైట్‌లో ఒక ట్రాన్సాక్షన్ తెరిచి ఎవరు పంపారు, గ్యాస్ ఫీజు (లావాదేవీకి కట్టే రుసుము) ఎంత అని చదవడం, సెపోలియా అనే టెస్ట్‌నెట్‌లో (సాధన కోసం పెట్టిన నెట్‌వర్క్) విలువ లేని కాయిన్లతో పంపి చూడటం, కొంచెం ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి లెక్కలు తీసే భాష), మనీ లాండరింగ్ రూల్స్. వాలెట్ 12 లేదా 24 పదాల సీడ్ ఫ్రేజ్ (దాని తాళంచెవి లాంటిది) ఇస్తుంది, దాన్ని ఫోటో తీయకండి, వాట్సాప్‌లో అస్సలు పెట్టకండి.

ఇక వీసా సంగతి. నేను మొదటిసారి విజిట్ వీసా మీద వచ్చి ఒక చిన్న కంపెనీలో రెండు నెలలు చేశాను, జీతం బదులు వాళ్ళ కాయిన్లే ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా, కానీ వాటిని కొనే నాథుడు లేడు. విజిట్ వీసా మీద పనిచేయడమే చట్టానికి విరుద్ధం కాబట్టి ఎవరికీ చెప్పుకోలేకపోయాను, మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టిన డబ్బుతో తిరిగెళ్ళాను. మీకు అలా జరగకూడదు. జీతం దిర్హమ్‌లలో బ్యాంకులో పడాలని కాంట్రాక్ట్‌లో ఉండాలి, ఉద్యోగంలో పెట్టుకునే ఖర్చు మీ దగ్గర వసూలు చేయకూడదు, పాస్‌పోర్ట్ వాళ్ళు ఉంచుకోకూడదు, ప్రొబేషన్ 6 నెలలు దాటకూడదు. కంపెనీ పేరు వారా వెబ్‌సైట్‌లో వెతకండి. థాయ్‌లాండ్, కంబోడియాలో క్రిప్టో ఉద్యోగం అని ఏజెంట్ అంటే మాత్రం కదలొద్దు, మన కుర్రాళ్ళని డేటా ఎంట్రీ అని కంబోడియా తీసుకెళ్ళి ఆన్‌లైన్ మోసాలు చేయించిన సంగతి 2024లో విశాఖ పోలీసులే బయటపెట్టారు.

మీరు ఇందులో చేరారని తెలియగానే ఊళ్ళోంచి ఫోన్లొస్తాయి. రొయ్యల పట్టుబడి డబ్బులొచ్చాయిరా, ఏ కాయిన్ కొనమంటావ్ అని బాబాయి అడుగుతాడు. చెప్పకండి. వాళ్ళ డబ్బు మీ చేతిలోకి తీసుకోకండి. వైట్ స్పాట్ తెగులు వచ్చి చెరువు ఖాళీ అయితే ఎలా ఉంటుందో మనం కళ్ళారా చూసినోళ్ళం, ఆ డబ్బు ఎంత కష్టం మీద వస్తుందో మనకి తెలుసు. పైగా ఇండియాలో లాభం మీద 30 శాతం టాక్స్, ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తీసేసుకోనివ్వరు. మాటొచ్చినా పర్లేదు, నాకూ వచ్చింది, ఒక పెళ్ళికి పిలవలేదు కూడా.

బయల్దేరేముందు డిగ్రీ సర్టిఫికెట్‌కి రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ ముద్రలు వేయించుకోండి, వచ్చాక ఇక్కడి విదేశాంగ శాఖది ఇంకోటి. ఊళ్ళో సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా (విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతా) మార్పించండి. మొదట్లో కరామాలోనో బర్ దుబాయ్‌లోనో బెడ్ స్పేస్ (పంచుకునే గదిలో ఒక మంచం) చాలు, మెట్రో దగ్గర. షార్జాలో అద్దె తక్కువే కానీ ట్రాఫిక్‌లో ప్రాణం పోతుంది.

ఆవకాయ, పూతరేకులు గట్టిగా ప్యాక్ చేసి తెచ్చుకోండి. గసగసాలు మాత్రం ఒక్క గింజ కూడా వద్దండి, ఇక్కడ నిషేధం, అమ్మ కోడికూర మసాలా పొడి కట్టిస్తే అందులో వేసిందేమో అడిగి మరీ తీయించండి. దిగిన రోజు ఇంటికి ఫోన్ చేసేటప్పుడు ఇక్కడ ఏడున్నర అంటే అక్కడ తొమ్మిది, పెద్దవాళ్ళు పడుకోకముందే చేయండి.